అమ్మ ఒంటి మీద మచ్చలేంటో తేల్చిన బ్లడ్ డిజార్డర్స్ క్లినిక్ - నా రివ్యూ (4.5/5)

అమ్మకి 76. ముందు కుడి మోచేతి కింద చిన్న మచ్చ కనిపించింది, ఎక్కడో తగిలించుకుని ఉంటుందిలే అనుకున్నాం. మూడో రోజుకి అది మణికట్టు దాకా పాకింది, నల్లగా కమిలిపోయి, అంచుల్లో పసుపు, ముట్టుకుంటే లోపల గట్టిగా ముద్దలా తగిలేది. తర్వాత తొడ మీద ఇంకోటి. పడలేదు, దేనికీ గుద్దుకోలేదు. మూడు కాన్పులు, ఒక ఆపరేషన్ అయిన మనిషి, రక్తం ఆగకపోవడం అనేది ఎప్పుడూ లేదు.

ముందు చూపించిన ఆసుపత్రిలో వయసైతే చర్మం పల్చబడుతుంది, మచ్చలు మామూలే అన్నారు, నొప్పికి తుంటికి ఇంజెక్షన్ చేశారు. ఆ సూది గుచ్చిన చోట తెల్లారేసరికి అరచెయ్యంత వాపు. హీమోగ్లోబిన్ 11 నుంచి 7.8కి పడిపోయింది. రిపోర్టులో ప్లేట్‌లెట్స్ బాగున్నాయి, పీటీ బాగుంది, ఏపీటీటీ (ఈ రెండూ రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే టెస్టులు) ఒక్కటే 82 సెకన్లు, మామూలుగా 35 లోపు ఉండాలి. శాంపిల్ సరిగ్గా తీసి ఉండరు అని వదిలేశారు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే కడుపు మండుతుంది, ఎందుకంటే జబ్బు మొత్తం ఆ ఒక్క అంకెలోనే ఉంది.

తెలిసినవాళ్ళు చెప్తే ఈ క్లినిక్‌కి తీసుకొచ్చాం. డాక్టర్ మేడం ఫైల్ తిరగేస్తూ ఏపీటీటీ దగ్గర ఆగిపోయారు. రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఏమైనా ఎక్కించారా, కొత్త మందులేవైనా మొదలుపెట్టారా, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని ఓపిగ్గా అడిగారు. తర్వాత ల్యాబ్‌లో మిక్సింగ్ టెస్ట్ చేయించారు. అంటే అమ్మ ప్లాస్మా (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం), ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ప్లాస్మా సగం సగం కలిపి చూస్తారు, ఏదైనా ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్) తక్కువై ఉంటే కలపగానే గడ్డకట్టే టైమ్ మామూలుకి వచ్చేస్తుంది, దాన్ని చంపే యాంటీబాడీ ఒంట్లో తయారై ఉంటే రాదు. ఇక్కడ ఇంకో కిటుకు ఉందట, ఈ యాంటీబాడీ నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి కలిపిన వెంటనే చూస్తే బాగున్నట్టే కనిపించొచ్చు, 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచి మళ్ళీ చూడాలి. ల్యాబ్ అతను ఆ 2 గంటలూ ఆగి మరీ చేశాడు, రెండోసారి టైమ్ బాగా పెరిగిపోయింది. ఫ్యాక్టర్ 8 చూస్తే మామూలుగా ఉండేదాంట్లో 2 శాతమే. ఇన్హిబిటర్, అంటే ఆ యాంటీబాడీ, 24 బెథెస్డా యూనిట్లు (దాని బలాన్ని కొలిచే లెక్క). పేరు అక్వైర్డ్ హీమోఫీలియా ఏ.

హీమోఫీలియా అనగానే మాకు గుండె జారిపోయింది, అది మగపిల్లలకి పుట్టుకతో వచ్చేది కదా అని. మేడం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పారు, "ఇది వంశంలో వచ్చేది కాదమ్మా, మీ పిల్లలకి భయం లేదు, మీ ఒళ్ళే మీ ఫ్యాక్టర్ 8ని శత్రువు అనుకుని కొడుతోంది" అని. ఏడాదికి 10 లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుందట, ఎక్కువగా పెద్దవయసులో, ఆడా మగా తేడా లేదు, కాన్పు తర్వాత కొంతమందికి వస్తుంది. పుట్టుకతో వచ్చేదాంట్లోలా కీళ్ళలోకి కాకుండా చర్మం కిందా కండల్లోకీ రక్తం దిగుతుంది. కీళ్ళవాతం, లూపస్, క్యాన్సర్ లాంటివి వెనక ఉండొచ్చని అన్ని టెస్టులూ చేశారు, ఏమీ దొరకలేదు, సగం మందిలో కారణం దొరకదట.

ట్రీట్‌మెంట్ రెండు దారుల్లో నడిచింది. రక్తం ఆపడానికి మామూలు ఫ్యాక్టర్ 8 ఎక్కిస్తే యాంటీబాడీ దాన్నీ మింగేస్తుంది, అందుకని ఫ్యాక్టర్ 8తో పని లేకుండానే రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 7ఏ అనే మందు ఇచ్చారు, మొదట్లో 3 గంటలకోసారి. అర్ధరాత్రి 2కి, 5కి కూడా నర్సు అలారం మోగేలోపే వచ్చేసేది, ఒక్క డోసు తప్పలేదు. ఈ మందుతో పెద్దవాళ్ళకి రక్తనాళాల్లో రక్తం గడ్డలు కట్టే ప్రమాదం ఉంటుందని గుండె, కాళ్ళు రోజూ చూసేవాళ్ళు. రెండో దారి యాంటీబాడీని అణచడం, స్టెరాయిడ్, తర్వాత రిటుక్సిమాబ్ (యాంటీబాడీలు తయారవ్వడాన్ని తగ్గించే మందు). ఫ్యాక్టర్ 8 మళ్ళీ 50 శాతం దాటడానికి 7 వారాలు పట్టింది. ఆ 7 వారాలూ చెయ్యి కడిగి గానీ ఎవర్నీ అమ్మ దగ్గరికి రానివ్వలేదు, ఈ మందులతో ఇన్ఫెక్షన్లు తొందరగా పట్టుకుంటాయి మరి.

అన్నిట్లోకీ నాకు నచ్చింది రక్తం తీసే అతను. సూది తీశాక దూది అమ్మ చేతికిచ్చి వెళ్ళిపోకుండా, తనే బొటనవేలితో నొక్కిపట్టి గోడ గడియారం చూస్తూ 10 నిమిషాలు నిలబడేవాడు, కట్టు కట్టాక ఇంకోసారి విప్పి చూసేవాడు.

బాగోలేనివి కూడా చెప్పాలి. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుందని ముందే గట్టిగా చెప్పలేదు, ఒక రాత్రి 340 వచ్చింది, క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, ఎమర్జెన్సీకి పరిగెత్తాం. డిశ్చార్జ్ కాగితం మాకు అర్థమయ్యే భాషలో లేదు. కానీ పర్సులో పెట్టుకునే చిన్న కార్డు ఒకటి ఇచ్చారు, జబ్బు పేరు, కండకి ఇంజెక్షన్ వద్దు, ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వద్దు, పళ్ళు పీకే ముందు కూడా మాకు చెప్పండి అని. ముందు ఆసుపత్రిలో ఈ కార్డు ఉండుంటే ఆ తుంటి ఇంజెక్షన్ తప్పేది.

ఇది కొంతమందికి తిరగబడుతుంది కాబట్టి ఇప్పుడు నెలకోసారి ఫ్యాక్టర్ 8 చూపించుకుంటున్నాం, పోయిన నెల 96 శాతం. ఇంట్లో పెద్దవాళ్ళకి ఏ దెబ్బా లేకుండా ఇలాంటి మచ్చలొచ్చి, ఏపీటీటీ ఒక్కటే పెరిగి ఉంటే ఆ రిపోర్ట్ పట్టుకుని రక్తం జబ్బుల డాక్టర్ దగ్గరికి ఆ రోజే వెళ్ళండి, వారం ఆగొద్దు. ఈ క్లినిక్ వాళ్ళు రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషిని పెడితే ఆ మిగిలిన అర స్టార్ కూడా ఇచ్చేస్తా.