నాలుగు సీసాల వాసన కిట్: డబ్బు దేనికి పెడుతున్నాం?

జలుబు తగ్గింది, ముక్కు తెరుచుకుంది, అయినా తిరగమోత వాసన తెలియడం లేదు. ఇలాంటివాళ్లకు ఆన్‌లైన్‌లో ఇప్పుడు ముందుగా కనిపించే సరుకు ‘స్మెల్ ట్రైనింగ్ కిట్’. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలున్న నాలుగు సీసాల పెట్టె అది. వాటిని రోజూ పీలుస్తూ పోయిన వాసనను తిరిగి రాబట్టుకోవాలన్నది ఆలోచన. ఈ పద్ధతి ఏ కంపెనీ సొత్తూ కాదు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో వాసన మీద పరిశోధించే థామస్ హమ్మెల్ బృందం ఈ నాలుగు వాసనలనే రోజుకు రెండుసార్లు, 12 వారాలు వాడించి, 2009లో ఫలితాలు ప్రచురించింది. పెట్టె మీద ‘మా ప్రత్యేక ఫార్ములా’ అని ఉంటే దానికి అదనంగా పైసా ఇవ్వక్కర్లేదు.

కొనేముందు ఓ చిన్న పరీక్ష. చిటికెడు పంచదారలో యాలకుల పొడి కలిపి, ముక్కు గట్టిగా మూసుకుని నోట్లో వేసుకోండి. తీపి తెలుస్తుంది. ఇప్పుడు ముక్కు వదలండి. యాలకుల ఘుమఘుమ ఒక్కసారిగా రావాలి. తీపి తెలిసి యాలకులు తెలియకపోతే పోయింది నాలుక రుచి కాదు, వాసన. ‘నోరు చప్పబడింది’ అనేవాళ్లలో ఎక్కువమంది సంగతి ఇదే. పులుసులో ఉప్పు, పులుపు, కారం తెలుస్తూనే ఉంటాయి, ఇంగువే మాయమవుతుంది. (ఆ లోటు పూడ్చడానికి ఉప్పు ఎక్కువేసుకోవడం బీపీ ఉన్నవాళ్లకు మంచిది కాదు.)

ముక్కు దిబ్బడ ఇంకా ఉంటే కిట్ దండగ. వాసన పైదాకా వెళ్లే దారే లేదు కదా. దిబ్బడ పోయి, వాసన లేకుండా 2 వారాలు దాటితే అప్పుడు మొదలుపెట్టాలి. వైరస్ దెబ్బ తగిలేది ముక్కు లోపల పైభాగంలో ఉండే వాసన పొరకు. కోవిడ్‌లో అయితే ముఖ్యంగా ఆ పొరలో నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాలకు. ఆ పొర మళ్లీ పెరగగలదు. చాలామందికి ఏమీ చేయకుండానే కొన్ని వారాల్లో వాసన తిరిగొస్తుంది కూడా. అందుకే ‘వారంలో వచ్చేసింది, ఐదు స్టార్లు’ అనే రివ్యూల్ని పట్టించుకోకండి. అక్కడ పనిచేసింది సీసా కాదు, కాలం.

ఇక సీసాలు. సన్నమూతి డ్రాపర్ సీసాలొచ్చే కిట్లు వద్దు, వాసన సరిగా పైకి రాదు. రోల్-ఆన్ రకం ఇంకా నాసి. లవంగ నూనె చర్మానికి తగిలితే మండుతుంది. కావాల్సింది వెడల్పు మూతి, ముదురు గోధుమరంగు గాజు, బిగువైన మూత. మూత వదులైతే నాలుగు రోజుల్లో పెట్టంతా లవంగం కంపే. నిమ్మ నూనె గాలి తగిలితే తొందరగా పాడై టర్పెంటైన్‌లా తయారవుతుంది. దాన్ని మధ్యలో మార్చుకోవాల్సిందే.

ఇవన్నీ ఇంట్లోనే కుదురుతాయి. 50 మి.లీ. సీసాలో దూది పెట్టి, 1 మి.లీ., అంటే సుమారు 20 చుక్కల నూనె వేస్తే చాలు. నీలగిరి తైలం, లవంగ నూనె మందుల షాపులో దొరుకుతాయి. చిక్కంతా గులాబీతోనే. పన్నీరు వాసన మరీ పలుచన. అత్తరును సంప్రదాయంగా గంధపు నూనెలోకి దించుతారు కాబట్టి అందులో గంధమూ కలిసి ఉంటుంది. అసలైన గులాబీ నూనె ఖరీదు చూస్తే కళ్లు తిరుగుతాయి, పైగా అవసరమూ లేదు. డ్రెస్డెన్‌లో గులాబీకి వాడింది ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అనే ఒక్క రసాయనమే. మామూలు గులాబీ సెంటు నూనె సరిపోతుంది.

సీసాను ముక్కుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టి, 10 సెకన్లపాటు చిన్నచిన్నగా పీల్చాలి. ఒక్కసారిగా బలంగా లాగకూడదు. ఆ వాసన ఎలా ఉండేదో గుర్తుచేసుకుంటూ పీల్చాలి. కనీసం 10 సెకన్లు ఆగి తర్వాతి సీసా తీయాలి. పొద్దున టిఫిన్‌కు ముందు ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: మూడో వారంలో మానేస్తారు.

నీలగిరి ఒక్కటే తెలుస్తోందని సంబరపడకండి. ఆ చల్లదనాన్ని ట్రైజెమినల్ అనే వేరే నాడి పట్టుకుంటుంది, వాసన బొత్తిగా లేనివాళ్లకూ అది తెలుస్తుంది. ముక్కు కోలుకుంటోందా అన్నది గులాబీ దగ్గర తేలుతుంది. మధ్యలో కాఫీ, ఉల్లి, వేయించిన మాంసం కుళ్లు కంపు కొట్టడం మొదలైతే కిట్ పాడైందని పారేయవద్దు. కోలుకునే దశలో అలా జరగడం మామూలే.

కిట్‌తోపాటు అంటగట్టే జింక్ మాత్రలకు గట్టి ఆధారం లేదు. ముక్కులో వేసుకునే జింక్ మందులు వాసననే పోగొట్టగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లోనే హెచ్చరించింది. నీలగిరి తైలం పసిపిల్లలు కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు, అందనంత ఎత్తులో పెట్టండి. జలుబు లేకుండా వాసన పోయినా, ఒకవైపే పోయినా, ముక్కులోంచి రక్తం వస్తున్నా కిట్ కాదు, ఈఎన్‌టీ డాక్టర్ కావాలి.

ఇంట్లో చేసుకుంటే మిగిలే డబ్బుతో గ్యాస్ లీక్ అలారం కొనండి. లీకైతే తెలియాలని సిలిండర్‌లో కలిపే మెర్‌కాప్టాన్ అనే రసాయనం కంపు మీకిప్పుడు తెలియదు. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, కిందికి దిగుతుంది. అలారాన్ని నేలకు అడుగు ఎత్తులో బిగించాలి.