ప్లేఫర్డ్ పాలనా, డన్‌స్టన్ పాలనా: ఏది మేలు?

1950లలో దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్ర రాజధాని అడిలైడ్‌లో రాత్రి శాసనసభ ముగిశాక ముఖ్యమంత్రి థామస్ ప్లేఫర్డ్ తన కారులో ప్రతిపక్ష లేబర్ పార్టీకి చెందిన ఓ కుర్ర సభ్యుణ్ణి ఎక్కించుకునేవారు. అతన్ని నార్వుడ్‌లోని జార్జ్ స్ట్రీట్‌లో దింపి, తాను కొండమీది నార్టన్ సమ్మిట్‌కు వెళ్లేవారు. సభలో ఆయన్ను ఏకిపారేసే ఆ కుర్రాడే డాన్ డన్‌స్టన్.

ప్లేఫర్డ్ చెర్రీ తోటల రైతు. 1938 నుంచి 1965 దాకా, 26 ఏళ్లకు పైగా పదవిలో ఉన్నారు. 1944 నాటికి మర్రే నది నీళ్లు మోర్గన్ నుంచి వయాలాకు పైపులైనులో చేరాయి. సంప్రదాయవాద పార్టీ నాయకుడై ఉండి, సొంతవాళ్లే అడ్డుపడుతున్నా 1946లో ప్రైవేటు కరెంటు కంపెనీని సర్కారు చేతికి తెచ్చారు. 1955లో ఎలిజబెత్ అనే కొత్త పట్టణం మొదలైంది. కూలివాడికీ ఇల్లు, పక్కనే కార్ల ఫ్యాక్టరీలో పని. ఇది చిన్న విషయం కాదు.

కానీ ఆ 26 ఏళ్లు ఎలా వచ్చాయో చూడాలి. సభలో 39 సీట్లు. అందులో 26 పల్లెలకు, 13 నగరానికి. జనంలో ఎక్కువమంది ఉన్నది నగరంలోనే! 1962లో లేబర్ పార్టీకి సగానికి పైగా ఓట్లు పడినా కుర్చీ ప్లేఫర్డ్‌దే అయింది. నాకు మింగుడుపడనిది ఇదే.

డన్‌స్టన్ ఫిజీలో పుట్టిన లాయరు. 1965లో న్యాయశాఖ చేతికి రాగానే రోమా మిచెల్‌ను సుప్రీంకోర్టు జడ్జిని చేశారు. ఆస్ట్రేలియాలో ఆ స్థాయికి చేరిన మొదటి మహిళ ఆమె. జాతి వివక్షను నేరం చేస్తూ దేశంలోనే తొలి చట్టం 1966లో వచ్చింది. ఆదివాసుల భూములకు ట్రస్టు కూడా ఆ ఏడాదే. 1972లో జార్జ్ డంకన్ అనే లెక్చరర్‌ను అడిలైడ్‌లోని టారెన్స్ నదిలోకి తోసి చంపేశారు. స్వలింగ సంపర్కుల మీద అంత ద్వేషం ఉన్న ఊళ్లోనే, మూడేళ్లకు వాళ్లను నేరస్థులుగా చూసే చట్టం పోయింది. దేశంలో మొదట అక్కడే.

డన్‌స్టన్ పాలన చివరి ఏళ్లలో రాష్ట్ర ఆర్థిక పరిస్థితి తడబడింది, నిజమే. పోలీస్ కమిషనర్‌ను తీసేసిన గొడవ ఆయన్ను బాగా నలిపింది. ఆరోగ్యం చెడి 1979లో తప్పుకున్నారు.

అయినా నా ఓటు డన్‌స్టన్‌కే. లేబర్ పార్టీ 1965లో తెల్లవాళ్లకే ఆస్ట్రేలియా అనే విధానాన్ని వదిలేలా పోరాడినవాళ్లలో ఆయనొకరు. ఈరోజు అడిలైడ్‌లో మన తెలుగు పిల్లలు చదువుకుంటున్నారంటే, ఆ తలుపు తీయడానికి పట్టుబట్టిన చేతుల్లో ఆయన చెయ్యీ ఉంది. నీళ్లూ కరెంటూ ఇచ్చిన ప్లేఫర్డ్‌కు దణ్ణం పెడతాను. కానీ మనిషికి మనిషిగా విలువ ఇవ్వమని మెజారిటీని ఒప్పించడం అంతకన్నా కష్టమైన పని.

1968లో ఆ వంకర సీట్ల లెక్కే అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న డన్‌స్టన్‌నూ దించింది. ఓట్లు ఎక్కువ వచ్చినా పదవి పోయింది. తర్వాత ఆ లెక్కను సరిచేసింది ప్లేఫర్డ్ పార్టీకే చెందిన స్టీల్ హాల్. 1970లో ఆ కొత్త సీట్లతోనే డన్‌స్టన్ మళ్లీ గెలిచారు.