ఎగుమతి రొయ్యల ప్యాకెట్టు: వండి చూశాక, లేబుల్ చదివాక

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవారికి రొయ్యలంటే ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరాక బేరమాడి తెచ్చుకునేవి, లేదా తట్ట నెత్తిన పెట్టుకొని వీధిలోకి వచ్చే ఆమె దగ్గర గుమ్మంలోనే కొనుక్కునేవి. ఆమె రొయ్యలు తూచి ఇచ్చాక, అడిగితే అక్కడే గట్టు మీద కూర్చుని ఒలిచి పెడుతుంది, ఆ పనికి వేరే డబ్బు తీసుకుంటుంది. ఈసారి నేను కొన్నది అలాంటిది కాదు. ఎంవీపీ కాలనీలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒక ఫ్రోజెన్ సరుకుల దుకాణంలో, 2025 నవంబరు చివరి వారంలో, ‘ఎగుమతి నాణ్యత’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసిన వనామీ రొయ్యల ప్యాకెట్టు 520 రూపాయలకు తీసుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను ఎత్తి చూపబోయే లోపం ఆ ఒక్క కంపెనీది కాదు.

ముందుగా సరుకు సంగతి. తల తీసి, పెంకు ఒలిచి, నల్ల నరం తీసి, తోక మాత్రం ఉంచిన రొయ్యలు అవి. ప్యాకెట్టు మొత్తం బరువు కిలో, పైనున్న మంచుపూత కరిగాక నికర బరువు 800 గ్రాములని రాశారు. రాత్రంతా ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచి, నీరు వంపి తూస్తే 790 గ్రాములు వచ్చాయి, కాబట్టి తూకంలో మోసం లేదు. మంచుపూతను కూడా రొయ్య ధరకే అమ్మే ప్యాకెట్లు చూసినవాణ్ని గనక ఇది మెచ్చుకోదగిన విషయమే. సైజు దగ్గర మాత్రం మనవాళ్లు తికమకపడే అవకాశముంది. అట్ట మీద 31/40 అని ఉంది. మన చెరువు గట్టు మీద కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క, ఇక్కడ మాత్రం అది పౌనుకు లెక్క. పౌనంటే 454 గ్రాములు. మా ఇంట్లో 64 రొయ్యలు లెక్కతేలాయి, అంటే పౌనుకు 37కు కాస్త తక్కువ, చెప్పినదానికి సరిగ్గానే ఉంది. అమెరికా వంటగది కోసం తయారైన ప్యాకెట్టు కొలత మార్చుకోకుండానే మా వీధికి వచ్చిందన్నమాట.

రుచి విషయంలో నా తీర్పు అంత ఉదారంగా ఉండదు. ఉప్పు, పసుపు వేసి మూకుట్లో పెడితే చాలా నీరు వదిలింది. ఆ నీరంతా ఇగిరేదాకా ఉంచితే రొయ్య బిరుసెక్కుతుంది, ముందే తీస్తే ఉల్లిపాయ ముద్దలో కలవక విడివిడిగా తేలుతుంది. నీటిని పట్టి ఉంచే ఫాస్ఫేట్ లవణాన్ని 451 అనే సంఖ్యతో పదార్థాల జాబితాలో నిజాయితీగానే పేర్కొన్నారు, నమిలినప్పుడు వచ్చే ఆ సాగుడు గుణానికి అదే కారణం కావచ్చు. హార్బర్ రొయ్యకుండే తీపి దీనికి లేదు. ములక్కాడతో పులుసు పెట్టినప్పుడు ఆ లోటు తెలియలేదు గానీ, వట్టి ఇగురుకు నేను దీన్ని సిఫారసు చేయను. శుభ్రం చేసే శ్రమ ఏమీ లేకపోవడం, ఒక్క ముక్కలో కూడా ఇసుక తగలకపోవడం ఉద్యోగాలకు వెళ్లేవారికి పెద్ద సౌకర్యం. ఆ శ్రమ లేకుండా పోలేదు, మా ఇంట్లో జరగలేదు, అంతే.

ఇలాంటి ప్యాకెట్టు మన దుకాణాల్లోకి రావడానికి కారణం అందరికీ తెలిసిందే. 2024-25లో మన దేశం ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తుల విలువ 62 వేల కోట్ల రూపాయలు దాటింది, అందులో మూడింట రెండు వంతులు ఫ్రోజెన్ రొయ్యలే, వాటిని అందరికంటే ఎక్కువగా కొనేది అమెరికా. ఆ సరుకు నౌక ఎక్కే రేవుల్లో విశాఖది మొదటి వరుస. 2025 ఆగస్టు 7న 25 శాతం, అదే నెల 27న మరో 25 శాతం అమెరికా సుంకం పడింది. అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసేది) సుంకాలు కలిపితే అప్పట్లో మొత్తం 58 శాతం పైచిలుకు అయింది. రాష్ట్ర ముఖ్యమంత్రి సెప్టెంబరులో కేంద్రానికి లేఖ రాస్తూ సాయం కోరారు, దేశంలోనే రొయ్యల వాడకం పెంచాలని కూడా సూచించారు. నేను 520 రూపాయలు పెట్టి ఆ సూచనను పాటించాననుకోవచ్చు.

నిజానికి ఈ రొయ్య పుట్టుకే ప్రపంచ వాణిజ్యంతో ముడిపడి ఉంది. వనామీ మన సముద్రపు రొయ్య కాదు. అమెరికా ఖండాల పసిఫిక్ తీరానికి చెందిన ఈ జాతిని మన దేశంలో పెంచడానికి 2009లో అనుమతి ఇచ్చారు. తల్లి రొయ్యలు విమానంలో వచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటి, తీరం వెంట ఉన్న హేచరీలకు చేరతాయి. అక్కడ పుట్టిన పిల్లలు గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లో పెరిగి, ప్రాసెసింగ్ ప్లాంటులో తల కోల్పోయి, రీఫర్ అనే శీతల కంటెయినర్‌లో తిరిగి సముద్రం దాటతాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషిద్ధ యాంటీబయాటిక్‌ల ఆనవాళ్లు ఉంటే యూరప్ రేవు నుంచి సరుకు తిరిగొస్తుంది, అందుకే రొయ్యలు పట్టకముందే చెరువు నుంచి నమూనా తీసి పరీక్షించే పద్ధతి మన దగ్గర స్థిరపడింది. నా ప్యాకెట్టు మీద బ్యాచ్ నంబరు, ప్లాంటు అనుమతి నంబరు, ఒలిచి గడ్డకట్టించిన తేదీ, యాంటీబయాటిక్‌లు లేవన్న హామీ అన్నీ ఉన్నాయి. ఆహార లేబుళ్లలో ఇంత వివరంగా ఉన్నది నేను ఈ మధ్య చూడలేదు, ఆ మేరకు పూర్తి మార్కులు ఇస్తున్నాను.

లేబుల్ మీద లేనిది ఒలిచిన మనిషి సంగతి. మా వీధి చివర ఇంట్లో ఉండే ఒకావిడ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినామె, ఎనిమిదేళ్లు ఒక ప్లాంటులో ఆ పని చేసింది. ప్యాకెట్టు చూపిస్తే చేతిలోకి తీసుకొని తిరగేసి, “తోక ఉంచి ఒలిసీదానికి కిలోకి ఇంకో రేటుండీది బాబూ, నరం తీసీటప్పుడు ముక్క తెగితే లెక్కలోంచి తీసీసేవోరు” అంది. గమ్‌బూట్లతో రోజంతా నిలబడి, మంచునీళ్లలో నానే రొయ్యను చేత్తో పట్టుకోవాలి. గోళ్ల పక్కన చర్మం పాలిపోయి ఊడేది. కొనుగోలుదారుల తరఫున ఆడిట్ జరిగే రోజున కొత్త గ్లౌజులు వచ్చేవి. ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కార్డు ఉండేదా అని అడిగితే, కంపెనీ పేరోల్‌లో ఉన్నవారికి ఉండేదనీ, కాంట్రాక్టరు బస్సులో వచ్చే తమకు రాలేదనీ చెప్పింది. ఇంతా చెప్పి, ఆ పని చెడ్డదని మాత్రం ఆమె అనలేదు. కూతురి నర్సింగ్ ఫీజు ఆ డబ్బుతోనే కట్టింది, సుంకం పడ్డాక వారంలో మూడు రోజులే పని ఉంటోందని ప్లాంటులో మిగిలిన తోటివాళ్ల గురించి దిగులుపడింది. ఎగుమతులు ఆగిపోతే కార్మికుల మేలు జరుగుతుందని అనుకునేవారెవరైనా ఉంటే ఆమెతో ఒకసారి మాట్లాడాలి.

వాణిజ్య నియమాలు తలుచుకుంటే ఎంత దూరం వెళ్లగలవో ఇదే రొయ్య విషయంలో రుజువైంది. తాబేళ్లు తప్పించుకునే అమరిక లేని వలలతో పట్టిన రొయ్యలను అమెరికా నిషేధించగా, భారత్, మలేషియా, పాకిస్థాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998లో ఆ సంస్థ అప్పీలు విభాగం నిషేధాన్ని అమలు చేసిన తీరులో వివక్షను తప్పుబట్టినా, తాబేళ్ల రక్షణ అనే ఉద్దేశాన్ని తప్పుబట్టలేదు. మన సముద్రంలో పట్టిన రొయ్యలకు 2019 నుంచి అమెరికా తలుపు మూసే ఉంది. ఆర్కే బీచ్ ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలుకు దొరికిన ఆ పాటి రక్షణ నాకు సంతోషమే. అయితే కార్మిక ప్రమాణాల మాట వచ్చేసరికి, 1996 సింగపూర్ మంత్రుల సమావేశం అది అంతర్జాతీయ కార్మిక సంస్థ పని అని తేల్చి పక్కన పెట్టింది. ఆ సంస్థకు శిక్షించే అధికారం లేదు, సంఘం పెట్టుకునే హక్కుకూ సమష్టి బేరసారాలకూ సంబంధించిన దాని 87, 98 ఒప్పందాలను మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు.

ధనిక దేశాలు కార్మికుల పేరు చెప్పి మన సరుకును అడ్డుకుంటాయన్న మన ప్రభుత్వాల అనుమానం ఉత్తిది కాదు. యాంటీ డంపింగ్ సుంకం కోరిన అమెరికా తీరపు రొయ్యల వ్యాపారులు ముందు చూసుకున్నది తమ ధరనే. అందుకే ఈ పని అమెరికా కస్టమ్స్‌కు అప్పగించాలని నేను అనను, మన చట్టాలే చేయాలి. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు, అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన వాటిలో ఉంది, కాంట్రాక్టరు బస్సులో వచ్చే మనిషికి అది నిజంగా అందితే సగం సమస్య తీరుతుంది. అదే ఏడాది మన రాష్ట్రం రోజు పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచడం మాత్రం, మంచునీళ్లలో చేతులు పెట్టే పనిని తలుచుకుంటే, నాకు మింగుడుపడలేదు.

ఆ నియామక పత్రం ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఈఎస్ఐలో చేరినవారు, నిర్ణీత కాలం చందా కట్టి ఉంటే, తమ తప్పు లేకుండా పని పోయినప్పుడు సగటు రోజు సంపాదనలో సగం చొప్పున 90 రోజుల వరకు పొందే పథకం 2018 నుంచి మనకు ఉంది. సుంకం దెబ్బకు పని పోయినవారి కోసమే చేసినట్టుంటుంది అది. కాని పేరు రిజిస్టరులో లేని చోట ఏ పథకమూ పని చేయదు. దిగుమతుల వల్ల ఉపాధి పోయిన తన కార్మికులను ఆదుకోవడానికి అమెరికా 1962 నుంచి ఒక కార్యక్రమం నడిపి, 2022లో దాన్ని ముగియనిచ్చింది. సుంకాలు ఎక్కువయ్యే రోజుల్లో రెండు తీరాలవారూ దాదాపు ఒకే స్థితిలో ఉన్నారు. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందంలో కార్మికుల అధ్యాయం ఉన్నా, వివాద పరిష్కార ప్రక్రియ దానికి వర్తించదు. ఎగుమతిదారులకు ప్రభుత్వం తిరిగిచ్చే పన్నుల రాయితీకి ఒక షరతుగా, ఆ ప్లాంటు గేటు దాటి లోపలికొచ్చే ప్రతి మనిషి ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు చూపాలంటే సరిపోతుందని నా అభిప్రాయం. చెరువు నమూనాకు సర్టిఫికెట్ లేకపోతే ఎగుమతి కష్టమని తెలిసిన పరిశ్రమకు ఇది అలవాటు కాని పద్ధతేమీ కాదు.

ప్యాకెట్టు వెనుక ఉన్న వినియోగదారుల నంబరుకు ఫోన్ చేశాను. బ్యాచ్ నంబరు చెప్పగానే అవతలి అమ్మాయి ఏ జిల్లా చెరువో, ఏ రోజు పట్టారో మర్యాదగా చదివి వినిపించింది. ఒలిచినవారికి ఈఎస్ఐ ఉందా అని అడిగితే కాసేపు ఆగి, “సర్, ఆ వివరం మా సిస్టమ్‌లో రాదు, మెయిల్ పెట్టండి” అంది. పెట్టాను. నాలుగో రోజున రెండు పేజీల ల్యాబ్ రిపోర్టు జవాబుగా వచ్చింది, నా ప్రశ్నకు మాత్రం కాదు.

తూకానికి ఐదుకు ఐదు, శుభ్రతకు ఐదు, రుచికి రెండున్నర. పులుసుకు కొనవచ్చు. ఇగురు వండాలనుకున్న ఆదివారం మాత్రం నేను పొద్దున్నే లేచి హార్బర్‌కే వెళ్తున్నాను, లేవలేని ఆదివారం తట్ట ఆమె కోసం గేటు తీసి ఉంచుతున్నాను.