తొమ్మిది సీజన్లు బిగ్ బాస్ చూసిన పంతులమ్మ సమీక్ష

"వీళ్ళను లోపల పెట్టి తాళం వేస్తారా? ఏం తప్పు చేశారు పాపం?"

2017 జులై 16, ఆదివారం రాత్రి. జూనియర్ ఎన్టీఆర్ ఒక్కొక్కరినే బిగ్ బాస్ ఇంట్లోకి పంపుతుంటే మా అత్తగారు అడిగిన మాట ఇది. గుంటూరు బ్రాడీపేటలోని మా వాటాలో కంచాలు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాం. ఆ ఇల్లు లోనావాలాలో ఉందనీ, డెబ్బై రోజుల పాటు వాళ్ళకు బయటి లోకంతో సంబంధం ఉండదనీ చెప్పాను. "డబ్బులిస్తారా?" అన్నారు. ఇస్తారన్నాను. "అయితే సరే" అని పెరుగు వడ్డించుకున్నారు.

తొమ్మిది సీజన్లు అయిపోయాయి. మా ఇంట్లో వాదన ఇప్పటికీ ఆ రెండు మాటల మధ్యే తిరుగుతోంది. అత్తగారు "అయితే సరే" దగ్గర స్థిరపడిపోయారు. నేను మాత్రం కొన్నాళ్ళు అటు, కొన్నాళ్ళు ఇటు. నచ్చకపోతే మానేయవచ్చు కదా అని మా వారు అంటారు. మిరప యార్డులో గుమాస్తాగా పనిచేసే మనిషి ఆయన. ఆ ఘాటు పడదని ఇరవై ఏళ్ళుగా అంటూనే రోజూ యార్డుకు వెళ్ళివస్తున్నారు.

ముందు నచ్చినవి చెప్పాలి, లేకపోతే అబద్ధమాడినట్లవుతుంది. తెలుగులోనే మాట్లాడాలన్న నిబంధన నాకు ఇష్టం. పదకొండు నెలలు ఇంగ్లీషులో యాంకరింగ్ చేసేవాళ్ళు కూడా అక్కడ మాటల కోసం తడుముకుంటారు. తెలంగాణ యాస, ఉత్తరాంధ్ర యాస, మా కృష్ణా గుంటూరు సాగదీత ఒకే వంటగదిలో పప్పు దగ్గర పోట్లాడుకోవడం సీరియళ్ళలో దొరకదు. పేరున్న నటి గిన్నెలు తోముతుంటే చూడటంలో ఒక చిన్న అల్పసంతోషం కూడా ఉంది. అది కాదనను.

ఇక ఆ ఇంటి నియమాలు. గడియారం ఉండదు. ఫోను, పత్రిక, పుస్తకం ఉండవు. పగలు కునుకు తీస్తే కుక్క అరుపులు వినిపిస్తారు. పొద్దున్న పాట వేసి లేపుతారు. మైకు తీయకూడదు. రేషన్ సరుకుల కోసం పోటీ పడాలి. కొత్తలో ఇవన్నీ ఆటలో సరదాలనుకున్నాను. నిద్ర చాలక, వేళ తెలియక, తిండి లెక్కపెట్టుకుంటున్న మనిషిని పట్టుకుని "వారమంతా నిన్ను ఎవరు బాధపెట్టారో అందరి ముందు చెప్పు" అంటే ఏమవుతుంది? మా ఇంట్లో నాలుగు రోజులు కరెంటు లేకపోతేనే నేనూ అత్తగారూ పలకరించుకోవడం మానేస్తాం. అక్కడ కోపం దానంతట అది పుట్టదు, పొయ్యి రాజేసినట్లు రాజేస్తారు.

ఈ సందర్భంలో ఒక విడ్డూరం. పిల్లలతో కార్యక్రమాలు తీసేవాళ్ళకు 2017 నుంచి కేంద్ర నియమాలున్నాయి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వాళ్ళకు వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం వాళ్ళ పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. టీచర్ను కనుక ఇది నోటికొచ్చు. పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒక్క సంతకం చాలు, రోజుకు ఇరవై నాలుగు గంటలూ కెమెరాల ముందే.

ఈ కార్యక్రమంపై వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం 2022లో నేలపాడులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో విచారణకు వచ్చింది. మా జిల్లాలోనే కదా, స్టాఫ్ రూములో వారం రోజులు అదే చర్చ. అశ్లీలం, సెన్సార్ లేకపోవడం, ప్రసారమయ్యే వేళలు. మా హిందీ మేడమ్ దుస్తుల గురించి గంట మాట్లాడారు. నాకు ఆ వాదన తలకెక్కలేదు. పొట్టి గౌను చూసి మా అత్తగారే ముక్కు చిట్లించి ఊరుకుంటారు, దానికి కోర్టు దాకా వెళ్ళాలా? కుటుంబ సభ్యుల వారం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. రెండు నెలలకు పైగా బిడ్డ గొంతు వినిపించకుండా ఉంచి, ఒకరోజు హఠాత్తుగా "ఫ్రీజ్" అని ఆదేశించి, తల్లి కదలకుండా నిలబడి ఉండగా ఆ బిడ్డను తలుపు తెరిచి లోపలికి పంపుతారు. తల్లి కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటాయి, చేయి మాత్రం కదపకూడదు. నేను ప్రతి సీజన్లో ఆ వారం కోసం ఎదురుచూస్తాను. ప్రతిసారీ ఏడుస్తాను. ఏడ్చాక హాయిగా నిద్రపోతాను. ఎవరో తల్లికి తన బిడ్డను దూరం చేసి నాకు పంచిన హాయి అది.

గంగవ్వ విషయంలో నా మనసు ఇప్పటికీ తేలలేదు. 2020 సెప్టెంబరు, కరోనా కాలం. బడి లేదు, బయటికి వెళ్ళే ధైర్యం లేదు. ఇంట్లో చిక్కుకున్న మేము, ఇంకో ఇంట్లో చిక్కుకున్నవాళ్ళను చూస్తూ కూర్చున్నాం. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ఆ పెద్దావిడ లోపలికి అడుగుపెట్టగానే మా అత్తగారు నిటారుగా కూర్చున్నారు. మూడేళ్ళుగా "ఆ పిల్లలు" అంటూ చూసినావిడ ఆరోజు "మావాళ్ళు ఒకరు వెళ్ళారు" అన్నారు. మాండలికం సగం అర్థం కాకపోయినా నవ్వేవారు. వారాలు గడిచేకొద్దీ గంగవ్వకు ఆరోగ్యం బాగుండలేదు, అక్కడి వాతావరణం పడలేదు, ఇంటికి పంపమని అడిగారు. మా అత్తగారు టీవీతోనే అన్నారు: "పంపేయండయ్యా, అడుగుతోంది కదా."

ఆ రాత్రి నాకు చాలా కోపం వచ్చింది. పల్లెలో ఆరుబయట బతికిన మనిషిని తీసుకొచ్చి ఏసీ గదిలో పెట్టడం ఎవరి వినోదం కోసం? నా కోసమే. తర్వాత ఆవిడ వెళ్ళిపోయారు, సొంత ఇల్లు కట్టుకోవాలన్న కోరిక తీరడానికి వ్యాఖ్యాత నాగార్జున సాయం చేశారు, ఇల్లు లేచింది. పత్రికలో ఆ ఇంటి ఫోటో చూసి మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. జీవితమంతా అద్దె వాటాల్లో గడిపిన మనిషి ఆవిడ. "ఐదు వారాల కష్టానికి ఇల్లు. నన్ను పంపు, నేనూ వెళ్తాను" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఏ నీతితో ఆవిడకు చెప్పను, అది తప్పని? 2024లో ఎనిమిదో సీజన్లోకి గంగవ్వ మళ్ళీ వైల్డ్ కార్డుగా, అంటే ఆట మధ్యలో వచ్చినప్పుడు నా కోపానికి కాళ్ళు విరిగినట్లయింది. తనకు తెలిసిన చోటికే, తెలిసే వచ్చారు.

డబ్బు సంగతీ ఒక మాట. బహుమతి 50 లక్షలంటే చేతికి 50 లక్షలు రావు, 30 శాతం పన్ను ముందే కోసేస్తారు, పైన సెస్సు ఉంటుంది. చివరి రోజు సూట్‌కేసు ఆశ చూపడం ఇంకో పరీక్ష. 2020లో ఒకరు 25 లక్షలు తీసుకుని పక్కకు తప్పుకుంటే గెలిచిన అభిజిత్‌కు మిగిలింది మరో 25. ఆ సూట్‌కేసు తీసుకున్నవాళ్ళను మా వారు ఎప్పుడూ మెచ్చుకుంటారు. ధర పలికినప్పుడే సరుకు అమ్ముకోవాలనేది యార్డు సిద్ధాంతం.

నా అభిప్రాయాలను నిజంగా కదిలించింది 2022 ఫిబ్రవరిలో మొదలైన ఓటీటీ సీజన్. ఇరవై నాలుగు గంటలూ ఫోనులో ప్రసారం. యార్డులో మిర్చి ముమ్మరంగా వచ్చే రోజులు కావడంతో మా వారు అర్ధరాత్రి దాటాక వచ్చేవారు. అన్నం మూతపెట్టి, మేలుకుని ఉండటానికి ఆ ప్రసారం పెట్టుకునేదాన్ని. ఏమీ జరగదు! గంటల తరబడి ఏమీ జరగదు. ఒకరు ఉల్లిపాయలు తరుగుతారు. ఇంకొకరు గోడ చూస్తూ కూర్చుంటారు. ఎవరో ఎవరికో తలకు నూనె రాస్తారు. మర్నాడు గంట ఎపిసోడ్ చూస్తే ఆ ఉల్లిపాయలూ లేవు, నూనే లేదు, అరుపులు మాత్రం ఉన్నాయి. ఇరవై నాలుగు గంటలను ఒక గంటకు కుదిస్తే మిగిలేది అదే, అందులో ఆశ్చర్యం లేదు. కానీ అంతకుముందు ఐదేళ్ళు నేను మనుషులను మంచివాళ్ళు, జిత్తులమారులు అని తూకం వేసింది ఆ గంట చూసే. నా తరగతిలో ఒక పిల్లవాడి ఏడాదిని ఒక్క పీరియడ్ చూసి తేల్చేస్తే వాళ్ళ అమ్మ ఊరుకుంటుందా?

2019లో మూడో సీజన్లో కన్నీళ్ళు ఎక్కువ పెట్టుకునే ఒకామెను జనం "పాతాళగంగ" అన్నారు. ఆ హాస్యం నాకూ నచ్చింది. ఒక రాత్రి నేనూ ఫేస్‌బుక్‌లో ఒక వ్యాఖ్య రాశాను, నాగార్జునసాగర్‌లో నీళ్ళు తగ్గితే ఆమెను పంపమని. యాభైకి పైగా నవ్వు బొమ్మలు పడ్డాయి. మా తోటి టీచర్లు మెచ్చుకున్నారు. మరుసటి మే నెలలో హనా కిమురా గురించి చదివాను. జపాన్‌లో ఇలాంటి కార్యక్రమంలోనే పాల్గొన్న కుస్తీ క్రీడాకారిణి, 22 ఏళ్ళు. జనం రాసిన దూషణలు భరించలేక ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత 2022లో అక్కడ అవమానించే మాటలకు ఏడాది వరకూ జైలు పడేలా చట్టం మార్చారు. నా వ్యాఖ్య అంత క్రూరమైనది కాదు. ఆ అమ్మాయికి రాసినవాళ్ళలో చాలామంది కూడా తమ ఒక్క మాట గురించి అలాగే అనుకుని ఉంటారు. పాత వ్యాఖ్య వెతికి తీసేశాను. తీసేసే ముందు ఎన్ని నవ్వులు పడ్డాయో మళ్ళీ ఒకసారి చూసుకున్నానన్నది కూడా నిజమే.

2023 డిసెంబరు 17 రాత్రి పల్లవి ప్రశాంత్ ఏడో సీజన్ గెలిచాక స్టూడియో బయట కార్ల, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలినప్పుడు అందరూ అభిమానులను తిట్టారు. నేనూ తిట్టాను. అయితే మూడు నెలలకు పైగా "మీ ఓటే వీళ్ళ బతుకు" అని చెప్పి ఉడికించిన జనాన్ని రోడ్డు మీద వదిలితే చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్తారనుకోవడం కూడా అమాయకత్వమే.

ఆ మరుసటి నెలలో ఒక మధ్యాహ్నం ఎనిమిదో తరగతి గదిలో అలికిడి ఎక్కువగా ఉందని వెళ్ళాను. బెంచీలు గుండ్రంగా జరిపారు. మధ్యలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒక్కొక్కరూ లేచి కారణం చెప్పి, డస్టర్ దులిపి ఆమె నెత్తిన సుద్దపొడి పోస్తున్నారు. నామినేషన్లు, ఎవరిని ఇంటి నుంచి పంపాలో కారణంతో సహా చెప్పే బిగ్ బాస్ తంతు. ఒకరి కారణం, ఆమె టిఫిన్ పంచుకోదట. ఇంకొకరిది, ఆమె అందరితో కలవదట. జడలు తెల్లబడ్డాయి. మిగతావాళ్ళను బయటికి పంపి దగ్గరికి తీసుకుని తల దులుపుతుంటే ఆ పిల్ల నన్నే ఓదార్చింది: "గేమ్ టీచర్. నేను పర్సనల్‌గా తీసుకోలేదు."

ఆ వాక్యం నాకు తెలుసు. ప్రతి సోమవారం రాత్రి వింటున్నదే. ఆ పిల్ల గొంతు కూడా సరిగ్గా అలాగే, చివర్లో కాస్త వణికింది.

నా చిన్నప్పటి పోటీ వేరు. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైనప్పుడు మేము తెనాలిలో ఉండేవాళ్ళం. శృతి తప్పిన చోటును బాలు గారు తానే పాడి చూపించి, పాడిన పిల్ల తల వంచుకోకుండా చూసేవారు. అక్కడా ఓడేవాళ్ళు. పాట బాగాలేదని ఓడేవాళ్ళు, టిఫిన్ పంచుకోలేదని కాదు.

ఇంత తెలిశాక మానేశానా అంటే లేదు. ఒక సీజన్లో రెండు వారాలు మానేశాను. అత్తగారు ఒక్కరే చూస్తూ లోపలి గదిలో ఉన్న నాకు వినపడేలా కథ చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ చెప్పే తీరు ఎడిటింగ్ కంటే అన్యాయంగా ఉందని మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

చివరిగా 2025 సంగతి. తొమ్మిదో సీజన్‌కు సామాన్యులను తీసుకుంటామని, వాళ్ళను ఎంచడానికి అగ్నిపరీక్ష పేరుతో ముందే ఒక పోటీ పెట్టారు. నా పాత విద్యార్థి ఒకడు, అరండల్‌పేటలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు, పంపాల్సిన వీడియోకు మాటలు సరిచేయమని కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అత్తగారు వాడికి కాఫీ ఇచ్చి, తాను తప్పకుండా ఓటు వేస్తానని మాట కూడా ఇచ్చేశారు. అక్షరదోషాలు దిద్దాను. వాడి నాన్న యార్డులో హమాలీ, వీడు పదో తరగతిలో ఉండగా పోయాడు. ఆరోజు వాళ్ళింటికి వెళ్ళాను కూడా. కాగితంలో ఆ సంగతి మూడు వాక్యాల్లో ఉంది.

"నాన్న పోయింది మొదట్లో పెట్టాలా టీచర్, చివర్లోనా?" అని అడిగాడు.

"చివర్లో పెట్టు" అన్నాను. క్షణం కూడా ఆలోచించలేదు. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నదాన్ని, ఏది ఎక్కడ పెడితే పనిచేస్తుందో నాకు తెలుసు.

వాడికి పిలుపు రాలేదు. మొన్న రీఛార్జి కోసం వెళ్తే, వచ్చే సీజన్‌కు మళ్ళీ పంపుతానన్నాడు. "ఈసారి నాన్న గురించి ఇంకా బాగా రాద్దాం టీచర్" అన్నాడు. చిల్లర తీసుకుని వచ్చేశాను.