అమ్మబోయే పాత ఇంటికి రంగులు కొంటున్నారా? కాస్త ఆగండి

చూడటానికి వచ్చేవాళ్లకు ఇల్లు కళగా కనిపించాలని, అమ్మే ముందు మా పాత ఇంటికి రంగులు వేయించాను. ఆ రంగులు చూశాకే ఇద్దరు వెనక్కి వెళ్లిపోయారు. డబ్బాలు కొనబోతున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి.

మొదట మోసపోయింది రంగుల నమూనాలు చూపే షేడ్ కార్డు దగ్గర. అగ్గిపెట్టెంత ముక్క మీద లేత గంధంలా ఉన్న రంగు, నాలుగు గోడలకూ ఎక్కేసరికి పసుపు ముద్ద అయింది. ఎదురెదురు గోడలు ఒకదాని రంగును మరొకదాని మీదికి విసురుతాయి కాబట్టి గదిలో అది చిక్కబడుతుంది. పైగా నేను ఎంచుకున్నది దుకాణంలోని తెల్లటి వెలుగులో, మా హాలులో వెలిగేవేమో పసుపు బల్బులు. యంత్రంలో కలిపిన రంగు వాపసు తీసుకోరన్న సంగతి డబ్బు కట్టాక చెప్పారు!

మెరుపు రకం తీసుకోమన్నది కూడా ఆ దుకాణదారే. 'ఇల్లు కొత్తదానిలా మెరుస్తుంది' అన్నాడు. మెరిసింది, నిజమే. కిటికీ వెలుగు ఏటవాలుగా పడగానే పాత గోడలోని ఎత్తుపల్లాలు, పూడ్చిన పగుళ్లు, మేకుల గుంతలు అన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా తేలాయి. మెరుపు లేని మ్యాట్ రకం వేసి ఉంటే సగం కనిపించేవే కావు.

అన్నిటికన్నా నష్టం చేసింది గోడ మీద ముందే ఉన్న సున్నం. దాని సంగతి అతను అడగలేదు, అడగాలని మేస్త్రీకీ తోచలేదు, నాకా ఆ జ్ఞానమే లేదు. పొడి రాలే సున్నం మీద ఎమల్షన్ (నీటితో కలిపే గోడ రంగు) నిలవదు. మూడు వారాల్లో పెచ్చులు లేచాయి. స్నానాల గది అవతలి గోడ మీద బుడగలు, వాటి కింద తెల్లటి ఉప్పు. చూడటానికి వచ్చిన ఒకాయన గోరుతో గీకి, 'చెమ్మ దాచడానికే రంగు వేశారా?' అని అడిగారు. ఏం చెప్పను, నాకే తెలియదంటే నమ్ముతారా?

ఇప్పుడైతే ముందు తడి అరచేతితో గోడను రుద్దుతాను. తెల్లగా అంటుకుంటే గీకించి, రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత పట్టించాకే మిగతా పని. అనుమానమున్న చోట ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేస్తాను. దాని వెనక నీటి బిందువులు చేరితే తేమ గోడలోనిదే. ముందు ఆ లీకేజీ సంగతి చూడాలి, రంగు తర్వాత. ఇల్లు బాగా పాతదైతే పాత పెయింటులో సీసం ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా పొడిగా గీకించకండి, ఆ ధూళి పిల్లలకు మరీ ప్రమాదం.

ఇక రంగంటారా, చిన్న డబ్బా కొని పెద్ద అట్టకు రెండు పూతలు వేసి, ఆరాక గది గదికీ తిప్పి పొద్దున, రాత్రి చూడండి. మా హాలు రెండోసారి అలాగే చేయించాను. మిగిలిన పసుపు డబ్బాలు రెండు ఇంకా మెట్ల కిందే ఉన్నాయి.