సీల్ పిల్లకు పాలు పట్టిస్తామంటే డబ్బు కట్టకండి

సీల్ రక్షణ కేంద్రం (నీరసించిన సీల్స్ అనే సముద్ర జంతువులను బాగుచేసి మళ్లీ సముద్రంలో వదిలే చోటు) చూడ్డానికి ఆన్‌లైన్‌లో టికెట్లు కొనబోతున్నారా? కాస్త ఆగండి. మేం కొని మోసపోయాం.

మేం కొన్నది కేంద్రం దగ్గర కాదు, టూర్ టికెట్లు అమ్మే ఒక వెబ్‌సైట్‌లో. "సీల్ పిల్లను ఎత్తుకోండి, మీ చేత్తో పాలు పట్టండి" అని ప్రకటన. ఫొటోలో తెల్లటి బొచ్చు పిల్ల, దాని నోట్లో పాలసీసా. మా పాప ఆ ఫొటో పట్టుకుని రెండు వారాలు ఇల్లంతా తిరిగింది. తీరా వెళ్తే కౌంటర్ దగ్గరున్నావిడ మా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇలాంటిది మా దగ్గర లేనే లేదండీ" అంది. ఇలా వచ్చినవాళ్లలో మేం మొదటివాళ్లం కూడా కాదట. కాగితం మీద గుండ్రటి సీలు మాత్రం భేషుగ్గా ఉంది!

మళ్లీ మామూలు టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లాం. అద్దం వెనక నుంచి చూడ్డమే. అక్కడి వాలంటీర్ చెప్తుంటే ఆ ప్రకటనలో ఎన్ని అబద్ధాలున్నాయో ఒక్కొక్కటే బయటపడింది. అక్కడున్నవి హార్బర్ సీల్స్. వాటి పిల్లలకు తెల్లబొచ్చు సాధారణంగా తల్లి కడుపులోనే రాలిపోతుంది. అంటే ఫొటోలోది ఆ జాతే కాదు. పాలసీసా సంగతి మరీ అన్యాయం. తల్లి సీల్ పాలలో దాదాపు సగం కొవ్వే. అందుకని నీరసించి వచ్చిన పిల్లలకు చాలాచోట్ల ప్రత్యేకంగా కలిపిన ఆహారాన్ని గొట్టంతో నేరుగా కడుపులోకి పంపుతారు. కాస్త కోలుకున్నాక చేపలు.

ఎత్తుకోనివ్వకపోవడం కూడా వాళ్ల బెట్టు కాదు. మనుషులకు అలవాటైన సీల్‌ను సముద్రంలో వదిలితే మళ్లీ మనుషుల దగ్గరికే వస్తుంది. పైగా కరుస్తుంది. ఆ కాటుతో వచ్చే ఇన్‌ఫెక్షన్‌కు "సీల్ ఫింగర్" అని పేరే ఉంది. వేలు వాచిపోతుంది, పెన్సిలిన్‌కు లొంగదు, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడాలి. సీల్స్‌కు జబ్బులు అంటుకుంటాయన్న వాళ్ల భయం కూడా ఊరికే కాదు: 1988లో, మళ్లీ 2002లో డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే ఒక జబ్బు) రకం వైరస్ ఉత్తర ఐరోపా తీరాల్లో వేలకొద్దీ సీల్స్‌ను పొట్టనబెట్టుకుంది.

అందుకే చెప్తున్నా, టికెట్ కేంద్రం సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. అక్కడ లేని "ప్రత్యేక అనుభవం" ఇంకెక్కడో అమ్ముతుంటే అది లేనట్టే. ఒకవేళ నిజంగానే ఎత్తుకోనిచ్చే చోటు దొరికిందనుకోండి, అక్కడికి అసలే వెళ్లకండి. ఇంకో మాట, సీల్ పిల్లలు పుట్టే కాలం దాటితే కొలనులు ఖాళీగా ఉండొచ్చు. ముందే ఫోన్ చేసి అడగండి. కొలను ఖాళీ అంటే సీల్స్ బాగుపడి సముద్రానికి వెళ్లిపోయాయని, దానికి కేంద్రాన్ని తిట్టకండి (నేను కాసేపు తిట్టుకున్నాను).

డబ్బు వాపసు అడిగితే, "మీరు సందర్శించారు కదా, ఇక కుదరదు" అని ఆ వెబ్‌సైట్ జవాబు. కౌంటర్‌లో టికెట్ చెల్లదని రాయించుకుని, రెండోసారి కొన్న టికెట్ రసీదు జతచేసి, కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాను. ఇంకా తేలలేదు. ప్రకటన మాత్రం ఇవాళ కూడా కనబడింది. ఫొటో మార్చారు, ఇప్పుడు పాలసీసా బదులు చేప.