రీపర్‌లోని రియావెర్బ్: చట్టి వాళ్లిస్తారు, పులుసు మనమే పెట్టుకోవాలి

నెల్లూరులోనో ఒంగోలులోనో ఇంటి గదికి పరుపులు ఆనించి భజనలు, క్రైస్తవ గీతాలు, హరికథలు రికార్డు చేస్తే గొంతు పొడిపొడిగా వస్తుంది. దాన్ని నిజమైన హాల్లో పాడినట్టు వినిపించేది కన్వల్యూషన్ రివర్బ్. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే రియావెర్బ్ ఈ పని చేస్తుంది. దానికి విడిగా పైసా కట్టక్కర్లేదు. రీపర్‌ను 60 రోజులు వాడి చూడొచ్చు. ఆ తర్వాత సొంత వాడకానికి, ఏడాది రాబడి 20,000 డాలర్లు దాటని చిన్న స్టూడియోలకు లైసెన్సు 60 డాలర్లు.

తెరిస్తే మాత్రం ఖాళీ పెట్టె. ఒక చోటు ఎలా మోగుతుందో పట్టి ఉంచిన వేవ్ ఫైలు, అంటే ఇంపల్స్ రెస్పాన్స్, మనమే తెచ్చి 'యాడ్' నొక్కి పెట్టాలి. యార్క్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్ఎయిర్ సేకరణలో మంచివి దొరుకుతాయి. ఒక్కో ఫైలుకు ఒక్కో లైసెన్సు ఉంటుంది కాబట్టి, డబ్బు తీసుకునే పనికైతే ముందే చదువుకోండి.

ఎక్కువమంది పొరపాటు పడేది డ్రై, అంటే రివర్బ్ కలవని అసలు శబ్దం, స్లయిడర్ దగ్గర. రియావెర్బ్‌ను వేరే ట్రాకు మీద పెట్టి, గొంతు ట్రాకు నుంచి దానికి సెండ్ (శబ్దం నకలు) పంపి, డ్రైని పూర్తిగా కిందికి లాగేయాలి. లాగకపోతే అసలు గొంతు రెండుసార్లు కలుస్తుంది. అప్పుడు రివర్బ్ తగ్గిస్తే గొంతు కూడా తగ్గుతుంది, ఎందుకో అర్థం కాక తల గోక్కోవాలి. సెండ్‌ను మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర మొదలెట్టి మెల్లగా పెంచండి. ప్రీడిలే, అంటే గొంతుకూ రివర్బ్ మొదలవడానికీ మధ్య ఎడం, 20 నుంచి 40 మిల్లీసెకన్లు చాలు. రియావెర్బ్‌కు ముందు రీపర్‌లోనే ఉండే ఈక్వలైజర్ రియాఈక్యూ పెట్టి 200 హెర్ట్జ్ కింద కోసేయండి, లేకపోతే మృదంగం ఎడమవైపు గుమ్ములు హాలంతా బురద చేస్తాయి.

ఊరించే పెద్ద పెద్ద చర్చిల ఫైళ్ల జోలికి పోకండి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఐదారు సెకన్లు సాగే మోత తోకలో ఆ అచ్చు తర్వాతి మాట మొదటి హల్లును మింగేస్తుంది. హరికథలో వచనమైతే ఒక్క ముక్కా అర్థం కాదు. 1.2 నుంచి 1.8 సెకన్ల హాలు మన పనికి బో సరిపోతుంది.

పాడేవాళ్ల హెడ్‌ఫోన్‌లోకి రివర్బ్ ఇవ్వాలంటే రియావెర్బ్‌లో జెడ్ఎల్ (జీరో లేటెన్సీ, అంటే ఆలస్యం లేకుండా) గడిలో టిక్కు ఉండాలి. అది లేకుండా ఎఫ్ఎఫ్‌టీ సైజు (ఒక్కో విడతలో లెక్కించే శాంపిళ్లు) 32768 ఉంటే, 48 కిలోహెర్ట్జ్ దగ్గర 0.68 సెకను ఆలస్యం. ప్లేబ్యాక్‌లో రీపర్ ఆ ఆలస్యాన్ని సర్దేస్తుంది, లైవ్‌లో ఎవరూ సర్దలేరు. జెడ్ఎల్ ప్రాసెసర్‌ను ఎక్కువ తింటుంది కాబట్టి మిక్సింగ్‌లో తీసేయొచ్చు.

మన కల్యాణ మండపం మోతే కావాలంటే పట్టుకోవడం కష్టమేం కాదు. శూన్యమాసంలో, తెల్లవారుజామున, ఫ్యాన్లూ ఏసీలూ జనరేటరూ ఆపించి వెళ్లాలి. ఫ్యాను తిరుగుతుంటే రొద ఒక్కటే కాదు, కదిలే గాలికి పై ఫ్రీక్వెన్సీలు చెదిరిపోతాయి. వేదిక మీద స్పీకరు, హాలు మధ్యలో రెండు మైకులు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా కింది స్వరం నుంచి పై స్వరానికి జారే 15 సెకన్ల సైన్ స్వీప్, ఆపైన ఐదు సెకన్ల నిశ్శబ్దం. అంతా 24 బిట్‌లో, క్లిప్ కాకుండా (శబ్దం హద్దు దాటి చిట్లకుండా). ఈ లాగరిథమిక్ స్వీప్ పద్ధతిని ఏంజెలో ఫరీనా 2000లో వివరించారు. ఆ రికార్డింగును ఇంపల్స్ రెస్పాన్స్‌గా మార్చే వాక్సెంగో డీకన్వాల్వర్ సాఫ్ట్‌వేర్‌లో తిప్పితే స్పీకరు డిస్టార్షన్ అసలు దెబ్బకు ముందు చిన్న చిన్న టిక్కుల్లా బయటపడుతుంది. అంతవరకూ కోసేయండి. బెలూను పగలగొట్టినా పని జరుగుతుంది గానీ కింది ఫ్రీక్వెన్సీలు పీలగా వస్తాయి. ఖాళీ హాలు, జనం నిండిన హాలు కంటే ఎక్కువసేపు మోగుతుంది కాబట్టి తోకను కొంచెం తగ్గించుకోవాలి.

తోక తగ్గించడం సులువే, పెంచడమే కుదరదు. స్ట్రెచ్ చేస్తే హాలు రంగే మారిపోతుంది. పైగా పట్టిన ఆ ఒక్క క్షణమే మళ్లీమళ్లీ వినిపిస్తుంది, లెక్కలతో మోతను పుట్టించే ఆల్గరిథమిక్ రివర్బ్‌లో లాగా తోకలో కదలిక ఉండదు. చీమకుర్తి గ్రానైటు క్వారీలాంటి చోటుకైతే రియావెర్బే అనవసరం. పైన ఆకాశమే కాబట్టి అక్కడ నిండైన మోత కన్నా విడివిడి ప్రతిధ్వనులే ఎక్కువ. గోడ 35 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం పోయి రావడానికి దాదాపు 200 మిల్లీసెకన్లు. రీపర్‌లోని ప్రతిధ్వని ప్లగిన్ రియాడిలేలో ఆ అంకె కొడితే పని అయిపోతుంది.